మూడవ కుప్ప

వంటచెరకు అను మాట వినుటకు తీయనిది. అది చేయు అన్యాయము మాత్రము చిన్నది కాదు. ఒక కొయ్యకు ఆ పేరు పెట్టిన క్షణము మొదలు దాని జాతి ఏదని అడుగువారుండరు; దాని వయస్సు లెక్కించువారుండరు; దాని కడుపులో ఎట్టి రేఖలున్నవో చూడగోరువారుండరు. దాని బరువు ఒక్కటే మిగులును. బరువును బట్టి వెల, వెలను బట్టి పొయ్యి. కట్టెల అడితిలో రెండే కుప్పలు కనబడును. ఒకటి కలప, రెండవది వంటచెరకు. పొడవుగా, తిన్నగా, లావుగా ఉన్నది కలప, కానిదెల్ల వంటచెరకు. ఈ రెండింటి నడుమ మూడవ కుప్ప ఒకటి ఉండవలెను. అది లేకపోవుటచేత ప్రతిదినము కొంత సంపద, కొంత విద్య, కొందరి కూలి బూడిద అగుచున్నవి.

మూడవ కుప్ప యనగా తరిమెనకు పనికివచ్చు కొయ్యల కుప్ప. తరిమెన కొయ్యను గిరగిర త్రిప్పు సాధనము. తిరుగుచున్న కొయ్యకు ఉలి ఆనించి పనివాడు దానిని బొంగరముగా, గిన్నెగా, కుంకుమభరిణెగా, చదరంగపు బంటుగా మలచును. ఈ పనికి దూలమంత పొడవు అక్కరలేదు. జానెడో మూరెడో ముక్క చాలును. కాని ఆ ముక్క గట్టిదై, పుచ్చు లేనిదై, నెరియలు పడనిదై ఉండవలెను. వంకరయైనను చింతలేదు; ఒక్కొక్కప్పుడు వంకరయే వరము. కలప కొలతకు చాలనిదియు, పొయ్యికి మించినదియు అగు ఇట్టి కొయ్య ఏ కుప్పలో చేరవలెను? దానికి చోటు లేదు. చోటు లేనిదానికి చివరకు పొయ్యియే చోటు.

కట్టెలు కొట్టిన ప్రతివానికిని తెలిసిన సంగతి ఒకటి కలదు. తిన్నని పోగులు గల మొద్దు గొడ్డలి దెబ్బకు ఫెళ్ళున రెండు పేళ్ళగును. కొమ్మ చీలిన పంగ దగ్గర గొడ్డలి ఇరుకుకొనును. బుడిపె గల చోట దెబ్బ జారిపోవును. వేళ్ళు కలిసిన మొదటి దుంప ఇనుప మేకుకు గూడ లొంగదు. కారణము స్పష్టము. పంగలో రెండు కొమ్మల పోగులు ఒకదానితో ఒకటి అల్లుకొని యుండును. బుడిపెలో పోగులకు ఒక దిక్కనునది లేదు. కొట్టువాడు విసిగి, అట్టి మొద్దును తిట్టి, పెరటిలో ఒక మూలకు దొర్లించును. తరిమెన పనివాడు వెదకునది సరిగా ఆ మూలనే. గొడ్డలిని ధిక్కరించిన అల్లికయే ఉలి క్రింద నెమలిపురి వలె విప్పారును. పొయ్యికి అవగుణమైనది పళ్ళెమునకు గుణము. మొద్దు తన యోగ్యతను గొడ్డలి దెబ్బతోనే చాటుకొనుచుండగా, వినువాడు లేకపోవుట ఒక్కటే లోపము.

పేర్చుటలోను ఇదే భేదము. వంటకట్టె ఎంత సన్నముగా చీలిన అంత మేలు. అంత త్వరగా ఎండును. పచ్చికొయ్య బరువులో సుమారు సగము నీరే ఉండవచ్చును. నేల తేమ తగులకుండ రెండు వాసములపై పేర్చుట, గాలి ఆడుటకు సందులు విడుచుట, కొసల యందు ఒక వరుస నిలువుగను ఒక వరుస అడ్డముగను మార్చి గోడవలె కట్టుట, పైన మాత్రము కప్పి ప్రక్కలు తెరచి యుంచుట: ఇవి తెలిసిన ఇల్లాలి పేర్పునకు గుర్తులు. ఇంత నేర్పుగల పనిని చాకిరి యనుట లోకమునకు అలవాటైనది.

తరిమెన కొయ్యకు మాత్రము త్వరయే శత్రువు. నీరు కొయ్య ప్రక్కలనుండి కంటె కొసలనుండి ఎంతో వేగముగా పోవును. కొసలు ముందుగా కుదించుకొని నెరియలిచ్చును. కొయ్య చుట్టుకొలత వెంబడి కుదించుకొనుట, నడిమినుండి బెరడు వైపునకు కుదించుకొనుటకు సుమారు రెట్టింపు. అందుచేతనే గుండ్రని మొద్దు ఎండలో బెండు వరకు పగులును. కనుక నిలువ చేయదలచిన ముక్కకు కొసలయందు మైనము పూసి, నీడను పెట్టి, మెల్లగా ఆరనీయవలెను. పెద్ద మొద్దయినచో నడిమికి చీల్చి బెండును తీసివేయవలెను. కొంచెము మైనము, ఒక మూల నీడ, గొడ్డలి ఎత్తుటకు ముందు ఒక్క నిమిషము ఆలోచన: మూడవ కుప్పకు పెట్టుబడి ఇంతే. ఇంత స్వల్పమైనదానిని కూడ సమకూర్చకపోవుటకు పేదరికము కారణమనరాదు. అది అలక్ష్యము.

ఈ మూడవ కుప్ప నేడు కొత్తగా కల్పించు విడ్డూరము కాదు. పూర్వము పల్లెలో చెట్టు పడినపుడు వడ్రంగి చూపు సోకిన తరువాతనే మిగిలినది పొయ్యికి పోయెడిది. నాగలికి సహజముగా వంగిన కొమ్మ కావలెను; వంచి చేసిన వంపు దుక్కిలో నిలువదు. బండిచక్రపు నడిమి దిమ్మకు తుమ్మ కావలెను. రోకలికిని, మాంసము కొట్టు మొద్దునకును చింత కావలెను. వంకరకు ఒక విలువ, దిమ్మకు ఒక విలువ, ముడికి ఒక విలువ ఉండెడిది. ట్రాక్టరు వచ్చి నాగలి పోయినది. రబ్బరు టైరు వచ్చి చక్రము పోయినది. వానితోపాటు వడ్రంగి చూపును పోయినది. మిగిలినవి కొలతబద్దయు తూకపురాయియు. కొలతబద్ద కలపను ఎంచును. తూకపురాయి వంటచెరకును ఎంచును. వంకరను ఎంచగల సాధనము మనుష్యుని కన్ను ఒక్కటే; దానికి జీతమిచ్చువారు లేరు.

దీని ఫలము చూడగోరువారు రెండు ఊళ్ళను తలచుకొనవలెను. ఒకటి బెంగుళూరునుండి మైసూరునకు పోవు దారిలోని చన్నపట్నము. రెండవది విశాఖపట్టణమునకు నైరృతి దిక్కున వరాహనది ఒడ్డున గల ఏటికొప్పాక. మొదటిది కన్నడసీమ, రెండవది ఆంధ్రసీమ. భాషలు వేరు, చెట్టు ఒక్కటే. చన్నపట్నమువారు దానిని ఆలె మర యందురు. ఏటికొప్పాకవారు అంకుడు కర్ర యందురు. గిల్లిన చోట పాలు కారును గనుక హిందీవారు దూధీ యందురు. వృక్షశాస్త్రజ్ఞులు రైటియా టింక్టోరియా యందురు. దాని ఆకులనుండి పూర్వము నీలిరంగు తీసెడివారు, ఆ రెండవ పేరు అందుచే వచ్చినది.

ఈ కొయ్య తెల్లనిది, సన్నని పోగు గలది, దంతము వలె నునుపు తేరునది. ఎండిన ముక్కను తరిమెనకెక్కించి, ఆకారము తీర్చి, తిరుగుచున్న దానికి రంగులక్క కడ్డీని ఆనించినచో రాపిడి వేడికే లక్క కరగి కొయ్యకు పట్టును. పిదప మొగలి ఆకుతో అదిమి మెరుగు దిద్దుదురు. బొమ్మ పూర్తియగును. పిల్లవాడు నోట పెట్టుకొన్నను భయపడనక్కరలేని రంగులు కావలెనని ఏటికొప్పాకలో పసుపు మొదలగు ఆకు, వేరు, గింజల రంగులను తిరిగి వాడుకలోనికి తెచ్చిరి. ఇదంతయు ఆ తెల్లని కొయ్య దొరకుటపై ఆధారపడియున్నది. కొయ్య పచ్చిదైనచో లక్క నిలువదు. మచ్చలదైనచో రంగు తేలదు.

మరి ఆ చెట్టు ఎట్టిది? చిన్నది. దూలమునకు రాదు, ద్వారబంధమునకు రాదు. కలప కొలతబద్ద దీనిని చూచి మొగము త్రిప్పుకొనును. కనుక రెండు కుప్పల న్యాయము ప్రకారము ఇది వంటచెరకు. ఒక ఊరి కీర్తి యంతయు ఏ కొయ్యపై నిలిచియున్నదో, ఆ కొయ్య మరియొక ఊరిలో అన్నము ఉడికించుచున్నది. అంకుడు కర్ర దొరకుట కష్టమైనదని ఏటికొప్పాక పనివారు చాల ఏండ్లుగా మొరపెట్టుకొనుచున్నారు. కాశీలో తరిమెన పట్టు ఖరాదీలు తాము వాడెడి కొరైయా కొయ్య అందక యూకలిప్టసునకు దిగవలసివచ్చినది. చోటు ఏదైనను కథ ఇదియే.

ఇచట నగరవాసులగు కళాభిమానుల మాట కొంత ఎత్తక తప్పదు. చన్నపట్నపు బొమ్మలకును ఏటికొప్పాక బొమ్మలకును 1999 నాటి భౌగోళిక గుర్తింపుల చట్టము క్రింద గుర్తింపు లభించినది. మేలే. ఆ పేరును దొంగిలించి మరియొకచోటి బొమ్మను అమ్మినవానిపై వ్యాజ్యము వేయవచ్చును. కాని ఆ బొమ్మకు ప్రాణమైన కొయ్యను పొయ్యిలో పెట్టుచున్నప్పుడు అడ్డుపడుటకు ఆ చట్టమున మార్గము లేదు. పేరుకు కంచె కట్టిరి. కొయ్యకు దారి వేయలేదు. ప్రదర్శనశాలలో దీపము వెలిగించువారు, శాలువ కప్పువారు, బొమ్మను అరచేత పట్టుకొని పరవశించువారు, ఈ బొమ్మకు ముందు ఇది ఎవరి తలపై మోపులో నుండెనని అడుగరు. ఫలమును పొగడి వేరునకు నీరు పోయనివానిని రసికుడనుట ఎట్లు?

చట్టము చూపు మరియు విచిత్రమైనది. 1927 నాటి భారత అటవీ చట్టము కలపకు చేసిన నిర్వచనము చదువదగినది. పడిన చెట్టు కలప. నరికిన చెట్టు కలప. ముక్కలు చేసినను, మలచినను, తొలిచినను, చేయకున్నను కొయ్య యంతయు కలపయే. అనగా తొలిచిన గిన్నెయు దాని కంటికి కలపయే. అదే చట్టము లక్కను, అది అడవినుండి వచ్చినను రాకున్నను, అటవీ ఉత్పత్తులలో చేర్చినది. కర్ణాటకమునకు 1963లోను, ఆంధ్రమునకు 1967లోను వేరు చట్టములేర్పడినను చూపు ఆ పాత చట్టముదే. తరిమెన పనివాని ఎడమచేతి కొయ్యయు కుడిచేతి లక్కయు అనుమానముతో చూడబడు వస్తువులే. నిలువెత్తు కలపను దొంగిలించువానికై నేసిన వల ఇది. పెద్దచేప దాటిపోయిన దినములెన్నియో కలవు, జానెడు ముక్కను చంకనిడుకొన్నవాడు మాత్రము చిక్కును.

చట్టము మారదనువారికి రెండు ఉదాహరణములు చాలును. 2006 నాటి అటవీ హక్కుల చట్టము చిన్నతరహా అటవీ ఫలసాయమును నిర్వచించుచు, తేనె, మైనము, లక్కలతోపాటు చిదుగు కట్టెలను, నరికిన చెట్ల మోళ్ళను కూడ అందు చేర్చి, వాని యాజమాన్యమును అడవిలో తరతరములుగా నివసించువారికి ఇచ్చినది. తరిమెనకు అత్యుత్తమమైన అల్లిక గల భాగము మోడే యని ఆ చట్టము వ్రాసినవారు తలచిరో లేదో గాని, తలుపు మాత్రము తెరచిరి. రెండవ ఉదాహరణము వెదురు. 1927 చట్టము దానిని చెట్టనినది. గడ్డిజాతియని వృక్షశాస్త్రము ఎంత చెప్పినను తొంబది ఏండ్లు అది చెట్టుగనే యుండెను. 2017లో ఒక సవరణతో చెట్ల పట్టికనుండి తొలగినది. ఒక మాట కొట్టివేయుటకు తొంబది ఏండ్లు పట్టినది. కాని కొట్టివేయుట సాధ్యమైనది. వంటచెరకు అను మాటలోనుండి మూడవ కుప్పను విడదీయుట అంతకంటె కష్టము కాదు.

ఇక ఆక్షేపణలు. మొదటి ఆక్షేపణ అడవిని ప్రేమించువారిది. కొయ్యకు కొత్త విలువ కల్పించినచో, ఆ విలువకై పచ్చని చెట్లను నరుకుదురని వారి భయము. ఈ భయమును తేలికగా త్రోసివేయరాదు. ఎఱ్ఱచందనము కథ అందరికిని తెలిసినదే. కాని ఇచట కోరబడుచున్నది ఒక్క చెట్టునైనను అదనముగా నరుకుట కాదు. ఇప్పటికే పడినదానిలో, ఇప్పటికే నరికినదానిలో, పొయ్యికి పోవుటకు సిద్ధమైనదానిలో ఏరుట మాత్రమే. పైగా మూడవ కుప్పకు అడవి జోలికే పోనక్కరలేదు. రోడ్లు వెడల్పు చేయునపుడు చింతలు, వేపలు కూలుచున్నవి. ముసలి మామిడితోటలు కొట్టివేయబడుచున్నవి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణముపై విరుచుకుపడినపుడు నగరమున లెక్కకు మిక్కిలిగా చెట్లు కూలినవి. ఏటికొప్పాక అప్పుడు ఆ జిల్లాలోనిదే. తుపాను మరునాడు దారి తెరపించుటయే మొదటి పని, అందు తప్పులేదు. కాని దారి తెరచిన పిమ్మట ఆ మొదళ్ళను ఒక తరిమెన పనివానికి చూపించుటకు ఎన్ని దినములు పట్టును? ఒక్క దినము చాలును. తీరమునకు తుపానులు కొత్త కావు. తదుపరి తుపానుకైనను ఆ ఒక్క దినమును ముందే కేటాయింపవచ్చును.

రెండవ ఆక్షేపణ అభివృద్ధివాదులది. గ్యాసు వచ్చినది, కట్టెల పొయ్యి పోవుచున్నది, ఇక కట్టెల ముచ్చట ఎందులకని వారందురు. 2016లో ఉజ్జ్వల పథకము ప్రారంభమైన మాట నిజము. పొగలో కండ్లు పోగొట్టుకొను తల్లులకు అది మేలు చేసిన మాటయు నిజము. కాని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేక్షణము ప్రకారము స్వచ్ఛమైన వంట ఇంధనము వాడు కుటుంబములు నూటికి సుమారు 59 మాత్రమే. మిగిలిన పొయ్యిలలో చాలవరకు మండుచున్నది కట్టెయే. వారి లెక్క ప్రకారము పొయ్యి ఆరిపోవునదే యైనచో, మోపు మోయు స్త్రీకి మరియొక కూలి చూపవలసిన బాధ్యత ఇంకను పెరుగును గాని తరుగదు.

మూడవది వ్యాపారుల మాట. తోటలలో పెంచిన యూకలిప్టసు ఉండగా ఈ ఏరుట యెందులకని వారి ప్రశ్న. యూకలిప్టసు ఎండునపుడు మెలిదిరుగును, పగులును. పనివాని చేతికి అది బెడదయే. అయినను అసలు దోషము అది కాదు. ఒకే జాతి, ఒకే వయస్సు, ఒకే లావు గల కొయ్యపై పనిచేయువాని కన్ను క్రమముగా మొద్దుబారును. ఏ కొయ్యలో ఏమున్నదో ఊహింపగల శక్తి విద్యలో సగము. అది పోయిన పిమ్మట మిగులునది కూలి.

తరిమెన పనివాని యందును దోషము లేకపోలేదు. తెల్లని, తిన్నని లేతకర్రలే కావలెనని పట్టుబట్టి, చింత పంగను, పనస దుంపను చూడక పోవువారు వారిలోను కలరు. లక్క పట్టించుటకు తెల్లని కొయ్య కావలెననుట నిజమే. కాని లక్క లేని గిన్నెకు, పళ్ళెమునకు, భరిణెకు కొయ్య సహజవర్ణమే అలంకారము. అంకుడు నరికిన మోటినుండి మరల చిగిర్చును. దానికి ఎదుగుటకు గడువీయవలెను. ఆ గడువులో ఇతర కొయ్యలపై చేయి త్రిప్పుట విద్యకు నష్టము కాదు.

చివరి ఆక్షేపణ కచేరీలది. గుమాస్తాకు కలపయు వంటచెరకును తెలియును. ఈ మూడవదానిని అతడెట్లు గుర్తించునని వారందురు. ఈ ప్రశ్నకు సమాధానము గుమాస్తాయొద్ద లేదు. మోపు దించుచున్న స్త్రీయొద్ద ఉన్నది. ఏ కట్టె నిప్పు నిలుపును, ఏది చిటపటలాడి రవ్వలు చిమ్మును, ఏది పొగయే గాని మంట ఈయదు, ఏది బొగ్గుకు మేలు: ఇవన్నియు ఆమెకు చేతి బరువుతోనే తెలియును. ఇంత తెలిసిన కంటికి పంగ ఏదో, బుడిపె ఏదో చూపించుటకు ఒక పూట చాలును. ఆమె నేర్వలేదనుట అబద్ధము. నేర్చినను ఆమెకు ఒరుగునది లేదు గనుక నేర్వలేదు. మోపునకు ఒకటే వెల. ఆ మోపులో చింత బుడిపె ఉన్నను అంతే, పుచ్చిన ములగకొమ్మ ఉన్నను అంతే. బరువుకు మాత్రమే వెల కట్టు సంత, ఆమె కంటిని గ్రుడ్డిది చేసినది.

కనుక కోర్కె సూటియైనది. ప్రతి అడితిలోను, ప్రతి సర్కారు కట్టెల డిపోలోను వంటచెరకును తూచుటకు ముందు ఏరుటకు ఒక దినము, ఏరినదానిని నిలువ చేయుటకు ఒక పందిరి ఉండవలెను. ఏరిన ముక్కకు మోపు వెల గాక ముక్క వెల కట్టవలెను. ఆ హెచ్చు వెల దానిని తెచ్చినవారికి చేరవలెను. తరిమెన పనివారికి, వడ్రంగులకు ఆ పందిరిలో మొదటి బేరము ఉండవలెను. ఆ ముక్కను ఇంటికి తీసికొనిపోవుటకు డిపో రసీదే చాలవలెను. దారిలో మరియొక కాగితము అడుగరాదు. ఎవరును ఏరనిది ఒక గడువు తరువాత నిరభ్యంతరముగా పొయ్యికి పోవచ్చును. అన్నము ఉడుకుట నీచమైన పని కాదు. ఆకలికంటె గిన్నె గొప్పదని ఎవరును అనలేదు. ఆ పొయ్యిలోనికి పంగకు మారు పేడు పోవలెననుటయే అడుగుచున్నది.

పండిన చేనులో విత్తనపు గింజలను వేరుగా తీసిపెట్టని రైతు లేడు. ఎంత కరవులోనైనను ఆ గంపకు చేయి పెట్టుటకు ఇల్లాలు జంకును. కొయ్య విషయమున ఆ పాటి వివేకము చూపుటకు సొమ్ము అడ్డము కాదు, శాస్త్రము అడ్డము కాదు. రెండు కుప్పలకు అలవాటుపడిన చూపు ఒక్కటే అడ్డము. గొడ్డలి ఇరుకుకొన్నప్పుడు దానిని బలముగా పెరుకుటకు ముందు ఒక్కసారి వంగి, అది ఎచట ఇరుకుకొన్నదో చూచినచో మూడవ కుప్పకు మొదటి ముక్క దొరకినట్లే.